గుల్లలపాలెం మడకి నాలుగో కొలత

మొదటి రోజు
పోటు: ఉదయం 6.10. చెవులు: ఇంకా పాతలేదు. మనుషుల అలికిడి: లేదు.

ఈ పుస్తకం చేత్తోనే రాయాలట. ఉప్పుగాలికి యంత్రాలు మూడు నెలలకోసారి మతి పోగొట్టుకుంటున్నాయి కాబట్టి కొలతదారు రోజూ సొంత చేతిరాతతో రాసి తీరాలని మండలి ఉత్తరువు. ఆ ఉత్తరువు వేసిన మహానుభావులు ఊగే పడవలో కూచుని ఒక్క వాక్యం రాసి చూస్తే బాగుండేది. సరే, రాస్తున్నాను. పేరు మంగతాయారు. వయసు యాభై ఆరు. ఎడమ మోకాలు పుట్టినప్పటిది, కుడిది అచ్చుపోసి పెట్టింది. నొప్పి మాత్రం పుట్టినదానికే.

గుల్లలపాలెం రావడం ఇది నాలుగోసారి. సముద్రం పైకొచ్చాక తీరమంతా కాపాడే ఓపిక ఎవరికీ లేదు. అందుకని ఏ మడ అడవి ఎంత విలువైనదో మండలి ఏటా కొలిపిస్తుంది. పిట్టలెన్ని, పీతలెన్ని, నీళ్ళలో గాలెంత, అన్నీ కలిపి ఒక అంకె వస్తుంది. దాన్ని పచ్చలు అంటారు. నలభై పచ్చలు దాటితే ఆ మడనీ, దాని పక్క ఊరినీ కాపాడతారు. దాటకపోతే మంచినీళ్ళ గొట్టం కట్టేసి, ఊరిని లేపి మెరకపేట కాలనీలో పెడతారు. మడని సముద్రానికి వదిలేస్తారు.

ఈ మడకి మొదటి ఏడాది అరవై ఒక్క పచ్చలు వచ్చాయి. తరవాత యాభై నాలుగు. పోయినేడాది నలభై ఐదు. లెక్కలు రాని వాళ్ళకి కూడా ఇది ఎటు పోతోందో తెలుస్తుంది.

ఊళ్ళో ముప్పై రెండు ఇళ్ళు, అన్నీ స్తంభాల మీదే. నేను దిగేసరికి ఊరంతా వలల కొట్టం ముందు నిలబడి దణ్ణం పెట్టింది. "కొలతమ్మ గారొచ్చేరు" అని పెద్దావిడ నూకరత్నం నా సంచీ అందుకుంది. ఆవిడకి అరవై దాటాయి, ఊరికి ఆవిడ మాటే మాట. నన్ను చూసి నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

రెండో రోజు
పోటు: 7.00. చెవులు: 12. మనుషుల అలికిడి: లేదు.

పన్నెండు చెవులూ పాతాను. ఇవి నడుమెత్తు కర్రలు. చుట్టుపక్కల కూసేదీ, పాకేదీ, ఈదేదీ అంతా వింటాయి. కొలత మొత్తం పది రోజులు. ఏడో రోజు దాకా అవి చోటుకి అలవాటుపడడానికే. చివరి మూడు రోజుల సగటే అసలు విలువ. అయినా ప్రతి సాయంత్రం ఒక అంకె చూపిస్తాయి, మన గుండె కొట్టుకోవడం కోసం.

ఇవాళ్టి అంకె ముప్పై ఎనిమిది.

ఏడో పాయ మూతి దగ్గర పడవ అడుగు గీసుకుంది. పోయినేడాది అక్కడ నేను దర్జాగా కాళ్ళు చాపుకుని వెళ్ళిన గుర్తు.

మూడో రోజు
పోటు: 7.50. చెవులు: 12. మనుషుల అలికిడి: లేదు.

మూడు పూటలా ఎండుచేపే. పొద్దున గంజిలోకి ఎండుచేప, మధ్యాహ్నం పప్పులో ఎండుచేప, సాయంత్రం ఏమిటా అని ఆశగా మూత తీస్తే మళ్ళీ అదే. ఏడాదంతా ఈ ఊరి మండపీత పులుసు తలుచుకుని బతికే మనిషిని నేను. ఆగలేక అడిగేశాను.

"ఏమ్మా నూకరత్నం, పీతలు దొరకడం లేదా?"

"దొరక్కేమండీ. మేం మడలోకి దిగలేదు కదండీ, నలబై రోజులైంది."

"నలభై రోజులా!"

"ఆయ్. మీ కొలతకండీ. మొదటేడు ఒక్కరోజు మానేం. మరుసటేడు వారం. పోయినేడు ఇరవై రోజులు. అయినా అంకె దిగిపోతంది కదండీ, మరి మా వల్ల ఇంకా ఏవైనా చెరుపుందేమోనని ఈసారి నలబై. పడవలు బోర్లించేసేం. పారలు, బుట్టలు అటక మీదెట్టేసేం. పసిపిల్లలు కూడా మెట్ల మీంచి కాలు తడవనివ్వట్లేదండీ."

నేనేమన్నానో రాస్తాను, దాచుకునే పుస్తకం కాదు కదా ఇది. "భేష్" అన్నాను. "తీరంలో ఇంత మర్యాద తెలిసిన ఊరు ఇంకోటి లేదు" అన్నాను.

ఆవిడ సంతోషపడి ఇంకో ఎండుచేప వేసింది. మూత పెడుతూ అడిగింది, "నలబై వస్తదంటారా?"

"చూద్దాం" అన్నాను. కొలతదారు అంతకన్నా అనకూడదు.

"నా చిన్నప్పుడు పాత ఊరు ములిగిపోతే లేచొచ్చేవండి. మా అమ్మ పొయ్యిరాళ్ళు కూడా మోసుకొచ్చింది. మళ్ళీ లేవాలంటే నా వల్ల కాదండి. మెరకపేటలో నీళ్ళ చప్పుడుండదంట కదా. అక్కడ నిద్రెలా పడతాదో ఏంటో."

ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను తినడం ఆపేసి చెయ్యి కడుక్కున్నాను. ఎండుచేప వల్ల మాత్రం కాదు.

నాలుగో రోజు
పోటు: 8.40. చెవులు: 12. మనుషుల అలికిడి: లేదు.

ముప్పై ఏడు.

మాటపెట్టెలో పరాంకుశం గారితో మాట్లాడాను. ఆయన మండలిలో మా పై అధికారి. నిద్రలో లేపినా నియమం నంబరుతో సహా చెబుతారు.

"తాయారు గారూ, అంకె అలా ఉంటే ఊరి తరలింపు జాబితా సిద్ధం చేసుకోవడం మంచిది."

"ఇంకా ఆరు రోజులుంది కదండీ."

"సిద్ధం చేసుకోమన్నానంతే. చించెయ్యడం ఎంతసేపు?"

చించడం ఆయనకి తేలిక. ముప్పై రెండు ఇళ్ళ పేర్లు రాయాల్సింది నేను. రాయలేదు. పీత బొరియలు లెక్కపెట్టడానికి పోయాను. చదరపు గజానికి పదకొండు. మొదటి ఏడాది ఇరవై ఆరు ఉండేవి. ఏం రోగమొచ్చిందే నీకు అని మడని పైకే అడిగాను. అసలు అక్కడ ఏ చప్పుడూ లేదు, ఒక్క దోమల సంగీతం తప్ప. ఇంత నిశ్శబ్దంగా మడని నేనెప్పుడూ చూడలేదు.

అయిదో రోజు
పోటు: 9.30. చెవులు: 12. మనుషుల అలికిడి: చివర్లో రాస్తాను.

ఒళ్ళంతా హూనమైంది. అయినా రాయాలి.

ఏడున్నరకి ఏడో పాయలోకి వెళ్ళబోతే మూతి దగ్గర పడవ కూరుకుపోయింది. మోటారు ఊరికే బురద చిమ్ముతోంది. దిగి తోద్దామనుకున్నాను. ఆ బుద్ధి నాకెవరిచ్చారో తెలీదు. కుడికాలు తొడదాకా దిగిపోయింది. దాన్ని లాగబోతే ఎడమది దిగింది. పోటు వస్తోంది. చూస్తుండగానే నీళ్ళు నడుం దాటాయి.

అరిచాను. సిగ్గు లేకుండా అరిచాను. ఊరు అక్కడికి నూరు గజాలు. అందరూ ఇళ్ళ అరుగుల మీదికి వచ్చేశారు. అందరికన్నా ముందు నూకరత్నం.

"ఓర్నాయనో! కొలతమ్మ గారండీ! కదలమాకండీ!"

"కదలట్లేదే తల్లీ, దిగబడుతున్నాను! రా!"

"మడలోకి దిగకూడదండీ మేం! కొలత పాడైపోద్ది!"

"కొలిచే నేనే పోతే ఇంకెక్కడి కొలత! దిగవే!"

ఆవిడ క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో నాకు కనిపించని దేవుడు లేడు. తరవాత చీర ఎగ్గట్టి, అటక మీంచి పార తీయించుకుని దిగింది. బురద మీద పడుకున్నట్టుగా పాకుతూ వచ్చింది. నా చంకల కింద చేతులు పెట్టి, "ఊపిరి వదిలేసి తేలిగ్గా ఉండండి, బిగబట్టకండి" అంటూ అటూ ఇటూ ఊపి ఊపి లాగింది. అచ్చుపోసిన మోకాలు బురదపాలు కాబోయి తృటిలో తప్పింది. పడవ మీద పడ్డాక నేను ఏడ్చాను. ఆవిడ నవ్వింది.

నవ్వి, పాయ మూతి వైపు చూసి ముఖం చిట్లించింది. "సూసేరా, ఎలా పూడిపోయిందో. ఇది మా ఇంటి పాయండీ. ఎలాగూ దిగేను కదా" అంటూ పారతో బురద లాగడం మొదలుపెట్టింది. గంటసేపు లాగింది. ఇది రోజూ చేస్తారా అని అడిగితే వింతగా చూసింది.

"ఇదేవైనా పనేటండీ? పీతబుట్టలెయ్యాలంటే పడవ దూరాలి కదా. ఎవరింటి పాయ మూతి వాళ్ళు పోతా వస్తా రెండు పారలు లాగుతాం."

తొమ్మిదిన్నరకి పోటు నీరు ఆ సందులోంచి లోపలికి ఉరికింది. తవ్విపోసిన బురదలో ఏవో పురుగులు, చిన్న చిన్న పీతలు. ఎక్కణ్ణించి వచ్చాయో గానీ నాలుగు తెల్లకొంగలు ఆవిడ వెనకాలే వచ్చి వాలాయి. అడుగు దూరంలో. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. వాళ్ళింటి కోళ్ళని అదిలించినట్టు మోచేత్తో అదిలించింది.

మనుషుల అలికిడి: ఉంది. నా ప్రాణం కాపాడింది. అయినా ఆవిడ వెళ్తూ వెళ్తూ, "మీ పుస్తకంలో రాయకండేం" అని బతిమాలింది.

ఆరో రోజు
పోటు: 10.20. చెవులు: 12. మనుషుల అలికిడి: లేదు.

నిన్న సాయంత్రం చూడకుండానే పడుకున్నాను. పొద్దున చూస్తే ముప్పై ఎనిమిది. ఒక్క పచ్చ పెరిగింది. ఎక్కడ పెరిగిందా అని ఒక్కో చెవీ విడదీసి చూశాను. పదకొండు చెవులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏడో చెవి మాత్రం ఒక్కరోజులో మూడింతలైంది. తెల్లకొంగలు, లకుముకి పిట్ట, మధ్యాహ్నం పన్నెండింటికి నీరుకుక్కలు రెండు, ఈలలు వేసుకుంటూ. నీరుకుక్కలు ఈ మడలో లేవని పోయినేడాది నేనే రాసి సంతకం పెట్టాను.

మొదటి ఏడాది చెవుల రికార్డు తీసి విన్నాను. అరవై ఒక్క పచ్చలు వచ్చిన ఏడాది. తెడ్డు చప్పుడు, వెనక కొంగలు. ఎవరో ఆడమనిషి ఎవర్నో తిడుతోంది, వెనక నీరుకుక్కల ఈల. వల విసిరిన చప్పుడు, గద్దల గోల. మనుషులున్న ప్రతిచోటా, వాళ్ళ వెనకాలే, అన్నీ ఉన్నాయి.

తరవాత ఒక గొంతు విసుగ్గా వినపడింది. "అబ్బబ్బ, ఏం గోలర్రా ఇది! మీరు పడవలు తీయకుండా ఉంటే కొలత ఇంకా బాగా వస్తుంది కదా!"

ఆ గొంతు నాదే.

ఆ రోజు నాకు తలనొప్పి. అంతే. ఆ ముక్క పట్టుకుని ఈ ఊరు ఒక రోజు, వారం, ఇరవై రోజులు, నలభై రోజులు నోరు కట్టుకుని కూచుంది. పాయలు పూడిపోయాయి. నీళ్ళు నిలవయ్యాయి. పీతలు పోయాయి, కొంగలు పోయాయి. అంకె దిగినప్పుడల్లా వీళ్ళు ఇంకొన్ని రోజులు దూరం జరిగారు. నేను "భేష్" అన్నాను.

పరాంకుశం గారిని పిలిచాను.

"కొలత రోజుల్లో మనుషులు దూరంగా ఉండాలని నియమం ఎక్కడుందండీ?"

"ఉంది కదండీ, తీరం మొత్తానికి అమలవుతోంది. ఒక్క నిమిషం." కాగితాలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. "ఇది నియమం కాదు, సూచన. మూడేళ్ళ కిందటి నివేదిక చివర్లో రాసినది. పంపినవారు..." ఆయన గొంతు తగ్గింది. "మీరే, తాయారు గారూ. బాగుందని అన్ని చోట్లకీ పంపాం."

తల పట్టుకున్నాను. "దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా మడలకి కూడా ఇవాళే చెప్పండి. ఇక్కడ మనుషుల్ని దింపి కొలుస్తాను."

"అలా కుదురుతుందా అని..."

"కుదరదనే నియమం ఉంటే నంబరు చెప్పండి."

మళ్ళీ కాగితాలు. "లేదండీ" అన్నారు. ఆయనతో ఉన్న సుఖం అదే. లేని నియమాన్ని ఉందని చచ్చినా అనరు.

సాయంత్రం వలల కొట్టంలో ఊరినంతా కూచోబెట్టి చెప్పాను. తప్పు మడది కాదు, మీది కాదు, నాది అన్నాను. కొట్టేస్తారేమో అనిపించింది. కొట్టినా బాగుండేది.

నూకరత్నం అంది, "మీ మీద కోపం కాదండీ. నలబై రోజులు పిల్లల నోట్లో పీత ముక్కెట్టలేదు కదా, దానికి బాధపడతన్నాం. మేం మడకి చెరుపనుకున్నాం. మేం దూరంగా ఉంటే అది బాగుపడతాదనుకున్నాం. మా తాతల కాణ్ణించి మేం దీనికి అన్యాయం చేసేవేమోనని ఎంత కుమిలిపోయేవో మీకు తెల్దండీ."

"దిగండమ్మా" అన్నాను. "మీకు పుణ్యముంటుంది, రేపు పొద్దున అందరూ దిగండి."

అయినా నమ్మలేదు. మళ్ళీ మాట మారుస్తానేమోనని వాళ్ళ భయం. అందులో తప్పేముంది. అప్పుడు నూకరత్నం భర్త వీరాసామి లేచాడు. పడవలు చేసే మనిషి. నాలుగు కొలతల్లో ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. నిచ్చెన వేసుకుని అటకెక్కి పారలు ఒక్కొక్కటీ కిందకి అందించడం మొదలుపెట్టాడు.

ఏడో రోజు
పోటు: 11.10. చెవులు: 12. మనుషుల అలికిడి: ఇంతా అంతా కాదు.

పొద్దున్నే ముప్పై రెండు ఇళ్ళవాళ్ళూ దిగారు. ఎవరింటి పాయ వాళ్ళది. పారలు చాలక పళ్ళాలతో తోడిన వాళ్ళున్నారు. "నా పాయలోకి నీ బురద తోస్తావేంటే!" అని ఇద్దరు తోడికోడళ్ళు జుట్లు పట్టుకోబోయారు. నాకు తలనొప్పి వచ్చింది. ఒక్కమాట అన్లేదు. నా నోటికి నేనే తాళం వేసుకున్నాను.

నేనూ ఒక పార పట్టాను. అరగంటకే నూకరత్నం లాక్కుంది. "మిమ్మల్ని మళ్ళీ బురదలోంచి లాగే ఓపిక లేదండీ, అలా కూకోండి" అంది. కూచున్నాను.

ఎనిమిదో రోజు
పోటు: 12.00. చెవులు: 12. మనుషుల అలికిడి: ఉంది.

ముప్పై ఆరు.

తగ్గింది. తవ్విన బురదంతా నీళ్ళలో కలిసి చిక్కటి టీలా ఉంది పాయ. నీళ్ళలో గాలి సగానికి పడిపోయింది. ఇవాళ్టిది లెక్కలోకి వస్తుంది. ఊరికి ఏం చెప్పాలో తెలియక తలుపు వేసుకుని కూచున్నాను. నూకరత్నం వచ్చి తలుపు కొట్టింది. అంకె చెప్పాను.

"బురద తేరుకోవాలి కదండీ. రెండు పోట్లు రానివ్వండి" అంది. నాకు ధైర్యం చెప్పడానికి ఆవిడ రావడం ఏమిటో.

తొమ్మిదో రోజు
పోటు: 12.50. చెవులు: 12. మనుషుల అలికిడి: ఉంది.

తేరుకుంది. నీళ్ళు పలచబడ్డాయి. పడవలన్నీ తిరుగుతున్నాయి, వాటి వెనక కొంగలు. నాలుగో పాయలో గద్దలు వీరాసామి వల మీదికి దిగి చేపలు ఎత్తుకుపోతుంటే ఆయన తిట్టిన తిట్లు చెవిలో రికార్డయ్యాయి. మండలి వాళ్ళు వింటే వాళ్ళ ఖర్మ.

నలభై ఒకటి.

రేపు నలభై మూడు వస్తే సగటు సరిగ్గా నలభై. నలభై చాలదు, దాటాలి. నలభై నాలుగు కావాలి. ఒకే లెక్క పదిసార్లు వేశాను. పదిసార్లూ అదే వచ్చింది.

పదో రోజు
పోటు: 1.40. చెవులు: 12. మనుషుల అలికిడి: కింద రాశాను.

పొద్దున్నుంచీ ఊళ్ళో ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేదు. అందరం పని చేసుకున్నాం. మధ్యాహ్నం పోటులో ఏడో పాయలో నీరుకుక్కలు అయిదు వచ్చాయి. రెండు పెద్దవి, మూడు పిల్లలు. నూకరత్నం బుట్టలోంచి జారిన చేప కోసం మూడూ కొట్టుకున్నాయి. "పోండర్రా దొంగముండల్లారా" అని ఆవిడ ఇంకో చేప కూడా విసిరింది.

పొద్దు వాలాక ఊరంతా వలల కొట్టంలో చేరింది. చెవుల అంకె చూపించే పెట్టె నా ఒళ్ళో ఉంది. మూత తీయడానికి చెయ్యి రావడం లేదు. వీరాసామి ముందుకి వచ్చి, "తీసెయ్యండమ్మా" అన్నాడు. ఇది ఆయన అయిదో మాట.

నలభై తొమ్మిది.

మూడు రోజుల సగటు నలభై రెండు.

పైకి చదివాను. ఎవరికీ అర్థం కానట్టు అలాగే చూస్తున్నారు. "దాటింది! దాటిందర్రా! ఎక్కడికీ పోనక్కర్లేదు!" అని అరిచాను. అప్పుడు లేచింది గోల. ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడుస్తున్నారో తెలియదు. మొన్న జుట్లు పట్టుకోబోయిన తోడికోడళ్ళు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడుస్తున్నారు. నా గుండెల మీంచి మూడేళ్ళ బరువు దిగింది. అది అక్కడ ఉందని నాలుగు రోజుల కిందటిదాకా నాకే తెలియదు.

పరాంకుశం గారికి చెప్పాను. ఆయన "జాబితా చించెయ్యండి" అన్నారు. రాయనేలేదు కదా, చించడానికేముంది. ఆయనకి ఆ మాట చెప్పలేదు. మిగతా మడలకి కబురు నేను చెప్పిన రోజే వెళ్ళిందట. రెండు ఊళ్ళలో అప్పుడే పారలు దించారట.

రాత్రి భోజనానికి మండపీత పులుసు. ఇంతకన్నా ఏమీ రాయను, రాస్తే ఈ పేజీకి మరక అంటుతుంది. ఇప్పటికే అంటింది.

గిన్నెలు తీస్తూ నూకరత్నం నా పక్కన కూచుంది. మెట్ల కింద నీళ్ళు స్తంభాలకి తగులుతున్నాయి. నన్ను కాదన్నట్టు, నీళ్ళ వైపు చూస్తూ అంది.

"అయితే మేం చెరుపు కాదన్నమాటండీ."

"కాదమ్మా" అన్నాను.

"ఆ ముక్క మీ పుస్తకంలో రాస్తారా?"

"రాస్తాను."

"ఇప్పుడే రాయండి. నేను చూస్తాను" అంది. ఆవిడకి చదవడం రాదు. అయినా పెన్ను కదులుతుంటే పక్కనే కూచుని చూస్తోంది.

మనుషుల అలికిడి: ఉంది. ఉండాలి.